నేల కింది మనుషులు

పోయిన వారం సముద్రం పందుల దొడ్డిని మింగింది. దొడ్డితో పాటు ఈనబోయే పంది కూడా పోయింది. తెల్లారి చూస్తే గట్టు అంచు వంటింటి గోడ దాకా వచ్చి ఉంది. ఎదువినా మొగుడు రుపెర్తో ఆ అంచున నిలబడి కిందికి ఉమ్మేసి, "ఇంక ఇల్లు పైకి లాగెయ్యాల్సిందే" అన్నాడు. శీతకాలం గాలివానలు దిగేలోపు లాగాలి. లాగలేకపోతే ఇల్లు వదులుకోవాలి. వదులుకుంటే మొగుడూ పెళ్ళాం పట్నంలో కూతురి అద్దెగదిలో ఎలాగో సర్దుకుంటారు. ఆ గదిలో మూడో మంచం పట్టదు. అంటే ఎదువినా తమ్ముడు బౌదీలియోని మతి చెదిరిన వాళ్ళను పెట్టుకునే ఆశ్రమానికి పంపాలి. ఈ మాట రుపెర్తో పైకి అనలేదు. పంది గురించే మాట్లాడాడు. ఎదువినాకు మాత్రం అర్థమైంది.

చిలోయే దీవుల్లో ఇల్లు లాగడం ఎవరికీ వింత కాదు. చెక్క ఇల్లు మొద్దుల మీద కూర్చుని ఉంటుంది. కింద రెండు పొడుగు మానులు దూర్చి, గొలుసులు బిగించి, ఊళ్ళో ఉన్న ఎద్దులన్నీ పూన్చితే ఇల్లు నడుస్తుంది. దానికి కూలి ఉండదు. అంతా బదులు సాయమే. ఇవాళ నా ఇంటికి నువ్వు వస్తే రేపు నీ దుంపల చేనుకి నేను వస్తాను.

చిక్కల్లా దారి దగ్గర వచ్చింది. ఇంటి వెనక మెరక అంతా ఎర్సీలియా రెమోల్కోయ్ బీడు, ఇల్లు దాని మీదుగానే పోవాలి. దీవిలోకెల్లా బలమైన ఎద్దుల జత కూడా ఆవిడదే. ఎర్సీలియా బౌదీలియోకి జ్ఞానతల్లి. గుడిలో ఫాదరు నీళ్ళు పోస్తుంటే పసివాణ్ణి చేతుల్లో పట్టుకుంది ఆవిడే. కానీ పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

ఆ ఉదయం సూది వేసే నెల్దా పడవ దిగి గట్టెక్కి వచ్చింది. నెలకోసారి వస్తుంది. బౌదీలియో పొయ్యి పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ఎప్పుడు మార్చాడో ఎవరికీ గుర్తు లేదు. నెరిసిన గడ్డంలో రొట్టె పొడి. సూది దిగినా ఉలకలేదు.

"ఏం బౌదీలియో, నేల కింది వాళ్ళు ఏమంటున్నారు?" అని నెల్దా ఎప్పటిలాగే అడిగింది.

బౌదీలియో ఒక భుజం కొంచెం ఎగరేశాడు. అంతే.

ఒకప్పుడు ఈ ప్రశ్నకి ఇల్లు అదిరేది. నేల పలకలకి చెవి ఆనించి కింద ఉన్నవాళ్ళతో గంటలకొద్దీ కీచులాడేవాడు. వాళ్ళు తిడితే తిట్టేవాడు. ఒకసారి గొడ్డలి తెచ్చి పలకలు నరికాడు. ఇంకోసారి వాళ్ళు రమ్మన్నారని చలికాలం సముద్రంలోకి నడుచుకుంటూ పోతే, పడవల వాళ్ళు జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. పట్నం ఆసుపత్రిలో ఎన్నిసార్లు పెట్టారో, ఎన్నిసార్లు తెచ్చుకున్నారో. ఏడాదికేడాది ఆ గోల తగ్గుతూ వచ్చింది. మొదట తిట్లు పోయాయి. తర్వాత గొణుగుడు పోయింది. ఇప్పుడు ఏమీ లేదు.

రుపెర్తో బుర్రలో మాతే ఆకు కషాయం నింపి, పీల్చే గొట్టం నెల్దా వైపు తిప్పి ఇచ్చాడు. "నెల్దమ్మా, మా బామ్మర్దికి నయమైపోయినట్టేగా? అరుపుల్లేవు, గొడ్డళ్ళు లేవు. మా ఆవిడ నన్ను తిట్టే తిట్లలో పావలా వంతు కూడా వాడు ఎవర్నీ తిట్టట్లేదు."

"నయం కాలేదు రుపెర్తో అన్నా. మారింది."

"మారితే మంచికేగా?"

"మంచికని ఎవరన్నారు?" నెల్దా ఒక గుక్క పీల్చింది. "జబ్బుకి కూడా వయసు మీద పడుతుందన్నా. కుర్రతనంలో గోల చేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో ఆ గొంతులు సన్నగిల్లుతాయి. వాటితో పాటే మనిషిలో ఉబలాటం కూడా పోతుంది. ఒళ్ళు కడుక్కోవాలనిపించదు. నవ్వాలనిపించదు. నోరు తెరవాలనిపించదు. చూసేవాళ్ళు బద్ధకం అనుకుంటారు. నీలాంటి వాళ్ళు నయమైందనుకుంటారు. రెండూ కాదు. ఇదీ ఆ జబ్బే."

"అందరికీ ఇంతేనా?" అని ఎదువినా అడిగింది.

"లేదక్కా. కొందరు బాగా తేరుకుంటారు, పని కూడా చేసుకుంటారు. కొందరికి పోయిందనుకున్న గోల మళ్ళీ తిరిగొస్తుంది. మందు కూడా మనిషిని కాస్త మొద్దుబారుస్తుంది. ఇందులో జబ్బెంత, మందెంత అని అడిగితే నేను చెప్పలేను. పెద్ద డాక్టరు కూడా తల గోక్కున్నాడు."

గోల ఉన్నప్పుడు గోల ఆగితే చాలు తల్లీ అని ఎదువినా మేరీమాతకు మొక్కుకుంది. ఆగింది. మొక్కు తీర్చింది కూడా. ఇప్పుడు ఒక్కోసారి పొయ్యి దగ్గర దుంపలు తిప్పుతూ, వాడు ఒక్కసారి అరిస్తే బాగుండు అనిపిస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు చెంపలేసుకుంటుంది. అరిచినవాడు తమ్ముడా, ఈ కూర్చున్నవాడు తమ్ముడా? ఇద్దరికీ ముందు ఇంకొకడు ఉండేవాడు. పడవలో నిలబడి తెడ్డు వేస్తూ పాడేవాడు. వాడు ఎప్పుడు పోయాడో ఆమె చూడలేదు. అప్పుడు ఆమె అవతలి ఒడ్డున చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనికి పోయింది. తెలిసిందంతా అమ్మ నోటి మాటే.

"మొదలు ఎలా అయింది అక్కా?" అని నెల్దా సంచీ సర్దుకుంటూ అడిగింది. "అరుపులకి ముందు ఏమన్నా తేడా ఉందా?"

"ముందేం లేదు. నిన్న బాగున్నవాడు ఇవాళ చెడ్డాడు. వసంతంలో ఒక పొద్దున లేచి, నేల కింద ఎర్సీలియా అత్త మాట్లాడుతోందని కేకలు పెట్టాడు. ఆవిడే చేసింది. చేతబడి."

నెల్దా నవ్వలేదు. దీవుల్లో సూదులు వేసే మనిషి ఇలాంటివి రోజూ వింటుంది. "ఒక్క పొద్దున్నే రాదక్కా. సాధారణంగా చాలా ముందే సన్నగా మొదలవుతుంది. ఎవరో ఒకరు చూసే ఉంటారు" అని గట్టు దిగిపోయింది.

ఎవరు చూసి ఉంటారు? ఎదువినా ఆ మాటే నములుతూ మధ్యాహ్నం దాకా ఉంది. తర్వాత అటక మీంచి ఆపిల్ కల్లు జాడీ దించింది.

"నువ్వు కూడా రారాదూ?" అంది మొగుడితో.

"నేనా? నేను పై దీవి వాణ్ణి. నన్ను చూస్తే కుక్కని వదుల్తుంది. నిన్ను చూస్తే ఆలోచించి వదుల్తుంది. నువ్వే వెళ్ళు."

సాయం అడగడానికి ఒక పద్ధతుంది. కల్లు జాడీతో గేటు దగ్గర నిలబడి పిలవాలి. ఇంటివాళ్ళు వస్తారు. కప్పు నింపి ఇచ్చి అడగాలి. వాళ్ళు తాగితే ఒప్పుకున్నట్టు. తాగినవాడు ఇంక కాదనడానికి లేదు. కాదంటే ఊళ్ళో వాడి గుమ్మం ఎవరూ తొక్కరు. అందుకే ఇష్టం లేనివాళ్ళు కప్పు ముట్టుకోకుండా కడుపులో నొప్పి అంటారు.

ఎర్సీలియా బయటికొచ్చింది. మోచేతుల దాకా బంగాళాదుంపల గంజి అంటుకుని ఉంది. మనిషి చిక్కింది కానీ నడుం వంగలేదు. జాడీని చూసింది. ఎదువినాని చూసింది.

"జాడీ ఆ గుంజ మీద పెట్టు" అంది. "తాగకుండానే మాట్లాడుకుందాం. లోపలికి రా."

వంటింట్లో తొట్టి నిండా పచ్చి దుంపల కోరు ఉంది. ఎర్సీలియా ఒక గుడ్డలో అంత కోరు వేసి మూట కట్టి ఒక కొస ఎదువినా చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు మెలితిప్పారు. తెల్లటి నీళ్ళు కారాయి.

"మీ అమ్మ బతికుంటే వచ్చేదానివా?"

"రాకపోదును."

"నిజమే చెప్పావు. తిప్పు."

తిప్పింది.

"వాడు చెడిన ఏడాది దుంపలు తవ్వడానికి మేం సాయం అడగడానికి పోయాం" అంది ఎర్సీలియా. "నేనూ మా ఆయనా ప్రతి గుమ్మం తొక్కాం. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కప్పు పట్టుకోలేదు. ఊరందరికీ ఒకేసారి కడుపు నొప్పొచ్చింది. వానలో మేమిద్దరమే తవ్వుకున్నాం. సగం పంట నేల్లోనే కుళ్ళింది. మా ఆయన మోకాలు అప్పుడు పోయింది, మళ్ళీ రాలేదు. మీ అమ్మ గుడి మెట్ల మీద నిలబడి ఏం చెప్పిందో తెలుసుగా?"

"తెలుసు."

"నా జ్ఞానపుత్రుడి మీద నేనే చెడు ప్రయోగం చేశానంది. మంత్రగత్తె ఇంటికి చల్లినట్టు నా గుమ్మంలో ఉప్పు చల్లిపోయింది."

ఎదువినా మూట వదిలేసింది. "అమ్మ కల్పించలేదత్తా! వాడే అన్నాడు. నేల కింద నీ గొంతు వినపడుతోందని వాడి నోటితో అన్నాడు. ఊరంతా విన్నారు."

"అన్నాడు. నేనూ విన్నాను, ఈ కిటికీలోంచి. నా గొంతే ఎందుకని మీ అమ్మ అడిగిందా? నువ్వు అడిగావా?"

చేతబడి చేసినదాని గొంతు వినపడక ఇంకెవరిది వినపడుతుంది అనుకున్నారు. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

ఎర్సీలియా మూట తీసి పిండిని పళ్ళెంలో దులిపింది. ఇంకో గుప్పెడు కోరు గుడ్డలో వేసింది. చేతులు పనిలో ఉంటేనే మాట వచ్చే మనిషిలా ఉంది.

"అంతకుముందు శీతకాలం అంతా వాడు ఇక్కడే కూర్చున్నాడు. ఆ పొయ్యి పక్కన. పడవ మీదికి పోతున్నానని మీ అమ్మకి చెప్పి ఇక్కడికొచ్చేవాడు. తెడ్డు ఆ తలుపు వెనక దాచేవాడు. నాకు మొదట తెలిసిందేంటంటే, వాడు పాట మానేశాడు. తర్వాత నవ్వు మానేశాడు. జోకు చెప్తే, అందులో ఇంకేదో ఉందేమోనని వెతుక్కున్నట్టు నా మొహం చూసేవాడు. పొయ్యిలో కట్టె చిటపటమంటే ఉలిక్కిపడేవాడు. మా అద్దాన్ని గోడ వైపు తిప్పమన్నాడు. మాట మొదలుపెట్టి సగంలో ఆగిపోయేవాడు, ఎవరో తాడు కోసేసినట్టు. ఒకరోజు 'అత్తా, నా తలలో ఉన్నది అందరికీ తెలిసిపోతోంది' అన్నాడు. నేను నవ్వాను. 'నీ తలలో ఏముందిరా తెలియడానికి, తవుడు' అన్నాను. కుర్రాడు కదా, ఎవరో పిల్ల మీద మనసు పడ్డాడనుకున్నాను."

ఎదువినా కూర్చుంది.

"తర్వాత 'నువ్వు మాట్లాడుతూ ఉండత్తా' అనేవాడు. 'ఏదో ఒకటి. నీ గొంతు ఉన్నంతసేపు మిగతావి దగ్గరికి రావు' అనేవాడు. మిగతావి ఏంట్రా అంటే చెప్పేవాడు కాదు. నేను మాట్లాడేదాన్ని. కోళ్ళ గురించి, దుంపల గురించి, మా ఆయన గురక గురించి. సాయంత్రం దాకా వాగేదాన్ని. నా జన్మలో అంత మాట్లాడింది లేదు." ఎర్సీలియా మూట మెలితిప్పింది. ఒక్కతే తిప్పింది. "ఇప్పుడు నువ్వే చెప్పు. నేల కింద గొంతులు లేచినప్పుడు, అందులో నాది లేకుండా ఎలా ఉంటుంది?"

బయట కుక్క దేన్నో చూసి మొరిగి ఊరుకుంది.

ఎదువినా మనసులో ఒక గోడ ఉండేది. గోడకి ఇవతల మంచి తమ్ముడు, అవతల చెడిన తమ్ముడు. మధ్యలో ఒకే ఒక్క వసంతపు పొద్దు. ఆ గోడ కట్టింది అమ్మ. ఇప్పుడు చూస్తే గోడ లేదు. శీతకాలం అంతా జారుడే. ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు. ఎవరూ చెయ్యకపోతే మరి ఎలా వచ్చింది? పద్దెనిమిదేళ్ళు ఈవిణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ ఎవరికి తగిలాయి? ఏడుపు రావలసింది పోయి కోపం వచ్చింది.

"మరి చూసినదానివి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? ఉప్పు చల్లినదానికా?"

"ఉప్పు తర్వాత సంగతి! శీతకాలం అంతా చూశావుగా. అమ్మకి ఒక్కమాట చెప్తే పట్నం తీసుకుపోయేవాళ్ళేమో. ఏమో, ఆదిలోనే మందు పడితే ఇంత దూరం వచ్చేది కాదేమో!"

ఎర్సీలియా చేతులు ఆగాయి. మొదటిసారి ఆవిడ కళ్ళు దించుకుంది.

"వాడు చెప్పొద్దన్నాడు" అంది. "అదొక్కటే కాదులే. వాడొస్తుంటే నాకు బాగుండేది. నాకు పిల్లల్లేరుగా" అంది.

ఎదువినా మూట రెండో కొస మళ్ళీ పట్టుకుంది.

"ఇప్పుడెలా ఉన్నాడు?" అని ఎర్సీలియా అడిగింది.

"కూర్చుంటాడు. నవ్వడు. మాట మొదలే పెట్టడు, ఇంక సగంలో ఆగేదేముంది."

"మళ్ళీ ఆ శీతకాలంలో కూర్చున్నట్టే" అంది ఎర్సీలియా.

ఆ శీతకాలం వెనకే కదా గోల లేచింది. ఇప్పుడీ మౌనం వెనక ఏం కాచుకుని ఉంది? ఇది చివరా, మళ్ళీ మొదలా? నెల్దాని అడగాలి. నెల్దా మళ్ళీ వచ్చేసరికి గట్టు ఉండదు.

"అత్తా, ఎద్దుల సంగతి..."

"నువ్వడిగితే ఇవ్వను. ఇల్లెవరిది?"

"అమ్మ వాడికే వదిలింది."

"అయితే ఇంటివాడు అడగాలి. పద్ధతి అది. వాడొచ్చి నా గేటు దగ్గర నిలబడి వాడి నోటితో అడగాలి. నువ్వు పక్కనుండు, కానీ మాట అందించకు."

"వాడు మాట్లాడడత్తా! ఇప్పుడే చెప్పానుగా."

"నా పేరు చెప్పినప్పుడు మాట్లాడాడు. ఊరంతా విన్నది ఆ నోటి మాటే. ఇదీ ఆ నోరే అడగాలి." ఎర్సీలియా లేచి తలుపు తీసింది. "జాడీ గుంజ మీదే ఉంటుంది. ఎవరూ ముట్టుకోరు."

ఇంటికొచ్చి చెప్తే రుపెర్తో టోపీ తీసి బల్ల మీద కొట్టాడు. "బాగుంది! పొయ్యి పక్క బెంచీని వెళ్ళి ఎద్దులడగమన్నట్టుంది. బామ్మర్ది కంటే ఆ బెంచీయే నయం, అప్పుడప్పుడూ కిర్రుమంటుంది."

"నోరుముయ్యి."

ఎదువినా తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సముద్రం సంగతి, ఇల్లు సంగతి, ఎద్దుల సంగతి, ఆశ్రమం సంగతి అన్నీ చెప్పింది. ఆశ్రమం అనే మాట ఇంట్లో పైకి రావడం అదే మొదలు. రుపెర్తో కిటికీ వైపు తిరిగాడు. బౌదీలియో ఆమె నుదుటి వైపు చూస్తున్నాడు. వింటున్నాడో లేదో తెలియదు. నీళ్ళల్లోకి రాయి వేస్తే చప్పుడు రానట్టుంది.

"ఎర్సీలియా అత్త చెప్పింది. నువ్వు ఆ శీతకాలం అక్కడ కూర్చునేవాడివట కదా."

ఏమీ లేదు.

"ఒక్కమాట అనరా! బద్ధకపు వెధవా, నీ ఇల్లే కదరా!" అని అరిచేసింది. అరిచాక నోటి మీద చెయ్యి వేసుకుంది. బద్ధకం కాదని నెల్దా చెప్పి ఇంకా పొద్దు కూడా వాలలేదు.

బౌదీలియో లేచాడు. ఒక్కసారిగా కాదు. చేతులు బెంచీ మీద ఆనించి, ఆగి, మళ్ళీ లేచాడు. మేకుకి వేలాడుతున్న నాన్న పాత కోటు తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు.

"జాడీ ఏది?" అన్నాడు.

ఎన్నాళ్ళకో విన్న ఆ గొంతు బొంగురుగా, ఎవరో కొత్తవాడిదిలా ఉంది. రుపెర్తో మాతే గొట్టం కింద పడేశాడు.

ముగ్గురూ మెరక ఎక్కారు. ముందు బౌదీలియో, వెనక ఎదువినా. ఇంకా వెనక రుపెర్తో, "నేను ఎద్దుల్ని చూడ్డానికే వస్తున్నా, నాకేం సంబంధం లేదు" అంటూ. సన్నగా జల్లు పడుతోంది. జాడీ గుంజ మీదే ఉంది. పక్కన ఎర్సీలియా ఒక కప్పు పెట్టి ఉంచింది.

ఆవిడ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. వచ్చిన మనిషిని చూసింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు కళ్ళల్లో ఉన్నట్టుంది ఆవిడకి. ఎదురుగా నెరిసిన గడ్డం నిలబడి ఉంది. నడుముకి కట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకుని గేటు దాకా వచ్చింది.

బౌదీలియో కప్పు నింపాడు. చెయ్యి వణికింది, మందు వణుకు. కొంచెం కల్లు ఒలికింది. కప్పు చాపాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

ఎర్సీలియా కప్పు అందుకుని, తాగకుండా పట్టుకుని ఎదురుచూసింది.

జల్లు కప్పులో పడుతోంది. ఎదువినా నాలుక చివర మాట కూర్చుని ఉంది. అత్తా ఎద్దులు ఇవ్వు అని. అంతే. మూడు ముక్కలు. మింగుకుంది. రుపెర్తో దగ్గబోయి ఆపుకున్నాడు. బౌదీలియో నుదురు మీద నరం లేచింది. లోపల ఏదో పెద్ద బరువు పైకి లాగుతున్నవాడిలా ఉన్నాడు. అది పైకి రావడం లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదువినా ఆ కళ్ళల్లో నీళ్ళు చూసి ఎన్నేళ్ళైందో.

ఎర్సీలియా ఇంక ఆగలేకపోయింది. కప్పు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

"తాగేశాను" అంది. "ఇంక నేను కాదనేది లేదు. భయపడకుండా అడుగు నాన్నా."

"అడక్కుండానే అయిపోయింది!" అని రుపెర్తో టోపీ ఎగరేశాడు.

ఎదువినా ఏడ్చేసింది. ఇల్లు మిగిలింది. తమ్ముడు మిగిలాడు. అనుకుంది.

అప్పుడు బౌదీలియో మాట్లాడాడు. ఒక్కో మాటకీ మధ్య ఇంకో మనిషి నడిచి వెళ్ళేంత ఖాళీ ఉంది.

"ఇప్పుడు నువ్వు నేల కింద లేవత్తా."

"నేనెప్పుడూ లేనురా."

"ఉన్నావు. చాన్నాళ్ళున్నావు. నువ్వే కాస్త మంచిగా మాట్లాడేదానివి." ఆగాడు. "నువ్వే ముందు పోయావు. తర్వాత ఒక్కొక్కళ్ళూ మాట ఆపేశారు. పోలేదు. మాట ఆపేశారు. ఊపిరి వినపడుతుంది."

రుపెర్తో మొహంలో నవ్వు చచ్చింది. ఎదువినా తడి చేతులు కోటుకి తుడుచుకుంటూ ఉండిపోయింది. గొంతులు పోయాయనే కదా మొక్కు తీర్చింది?

"ఇల్లు లేపితే కింద ఏముంటుందో నాకు తెలీదు" అన్నాడు బౌదీలియో. "వాళ్ళు ఇంటితో పాటు రావచ్చు. అక్కడే ఉండిపోవచ్చు. నేను చూడాలి."

"సరే, చూద్దువుగాని. ముందు అడుగు."

"ఎద్దులు ఇవ్వు. దారి ఇవ్వు." ఊపిరి తీసుకున్నాడు. "లాగేటప్పుడు నేను లోపల ఉంటాను. తలుపు బయట మేకులు కొట్టాలి. పైకి చేరేదాకా ఎవరూ తియ్యకూడదు."

లాగే ఇంట్లో కోడిని కూడా ఉంచరు. పొయ్యి కూడా పీకేసి బయట పెడతారు. ఇదే మెరక మీద ఒక ఏడాది గొలుసు తెగి ఒక ఇల్లు వెనక్కి జారి, గట్టు దాటి, ఆగలేదు. ఆ ఇంటి పలకలు ఇప్పటికీ ఆటుకి బయటపడుతుంటాయి.

"వద్దు!" అంది ఎదువినా. "అత్తా, వద్దని చెప్పు! వాడు అడగట్లేదు, అది అడుగుతోంది!"

"ఏది?" అన్నాడు బౌదీలియో, అక్క వైపు తిరిగి.

ఆ కళ్ళు నేరుగా ఆమెనే చూస్తున్నాయి. నుదుటిని కాదు. అడుగుతున్నది జబ్బా, జబ్బు వెనక ఇన్నాళ్ళూ కూర్చుని ఉన్న తమ్ముడా, ఎదువినాకు తెలియలేదు.

ఎర్సీలియా చేతిలో ఖాళీ కప్పు ఉంది. దాని అడుగు చూసింది. రుపెర్తోని చూసింది. ఆఖరికి ఎదువినాని చూసింది.

"తాగాను కదే" అంది మెల్లగా. కప్పుని గుంజ మీద బోర్లించింది. బోర్లించిన కప్పు మీద మాట తిరగదు.

ఎదువినా ఆ కప్పు ఎత్తబోయింది. రుపెర్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పుడు లాగమంటావురా?" అని ఎర్సీలియా బౌదీలియోని అడిగింది.

బౌదీలియో సముద్రం వైపు తిరిగి, ఎవరిదో మాట వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచాడు.

"రేపే" అన్నాడు.